రాయపూరు దండు

రాయపూరు నగరానికి నేడు వచ్చే యాత్రికునికి ఇది ఒకప్పుడు దండు విడిసిన ఊరని తోపించే గుర్తులు బహు కొద్దిగా కనిపిస్తాయి. అతడు శంకర్ నగర్‌లో బస చేసినాడనుకొందాము. అక్కడ విశాలమైన వీధులు, ప్రహరీగోడల వెనుక మంత్రుల, అధికారుల నివాసాలు, అంగళ్లు, ఆసుపత్రులు ఉన్నవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించి రాయపూరు రాజధాని అయిన పిమ్మట ఇట్టి పేటలకు కొత్త కళ వచ్చినది. అక్కడినుండి నగరమధ్యంలోని జయస్తంభం కూడలికి దూరమేమంత లేదు. ఆ కూడలిలో వాహనాల రద్దీ నడుమ నిలిచిన స్మారకాన్ని ఊరివారిని అడిగితే, సోనాఖాన్ జమీందారు నారాయణసింగును 1857 డిసెంబరు 10న ఉరితీసిన స్థలం ఇదేనని చెబుతారు. ఆ తర్వాత నలబది మూడు దినాలకు, 1858 జనవరి 22న, ఇదే ఊరిలో పదునేడుగురు సైనికులు ఒక్క దినాన ఉరికంబమెక్కినారు. నారాయణసింగు పేరు పిల్లలకు కూడ తెలుసు. నవ రాయపూరులోని క్రికెట్ మైదానానికి ఆ పేరే పెట్టినారు. ఆ పదునేడుగురి పేర్లు అడిగితే మాత్రం చెప్పగలవారు అరుదు.

తెలుగు పాఠకునికి ఈ కథతో ఏమి సంబంధమని అడుగవచ్చును. సంబంధం ఒక పేరులో ఉన్నది. ఆ కాలంలో ఉత్తరహిందూస్థానంలో కుంపిణీ సిపాయిని జనులు ‘తిలంగా’ అని పిలిచేవారు. తిలంగా అనగా తెలుగువాడు. తెలుగునేలను ఎన్నడూ చూడని అవధ్ బ్రాహ్మణుడు, భోజపురి రాజపుత్రుడు, రోహిల్ఖండ్ పఠాను కూడ ఎర్రకోటు తొడిగిన దినాన తిలంగా అయినాడు. 1857లో ఢిల్లీ నగరం తిరుగుబాటు సైనికులతో నిండినప్పుడు ఉర్దూలో వ్రాసిన అర్జీలలోను, ఫిర్యాదులలోను వారికి వాడిన పేరు అదే. ఒక జాతి పేరు ఇట్లు దేశమంతట సైనికునికి మారుపేరు ఎట్లయినది? ఆ పేరు మోసినవారు తిరుగబడినప్పుడు, ఆ పేరుకు అసలు హక్కుదారులైన తెలుగు సిపాయిలు ఏ పక్షాన నిలిచినారు? రాయపూరు దండు చరిత్ర చదివేవారిని ఈ రెండు ప్రశ్నలు వెంటాడుతాయి.

మొదటి ప్రశ్నకు సమాధానం సుమారు నూరేండ్లు వెనుకకు పోతేగాని దొరకదు. కర్ణాటక యుద్ధాలలో ఫ్రెంచివారు, వారిని చూచి ఇంగ్లీషువారు దక్షిణదేశపు బంట్లను చేర్చుకొని, ఐరోపా పద్ధతిని కవాతు నేర్పి, తుపాకులిచ్చి పటాలాలు కట్టినారు. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకొన్న వార్త మద్రాసు చేరగానే, క్లైవు అక్టోబరు నెలలో ఓడలెక్కి బయలుదేరినాడు. అతనితో సుమారు తొమ్మిదివందలమంది తెల్లసైనికులు, పదిహేనువందలమంది సిపాయిలు ఉండిరి. మద్రాసునుండి వచ్చిన ఆ సిపాయిలలో తెలుగువారు ఉన్నందున వంగదేశంవారు వారిని తెలింగాలన్నారు. మరుసటి ఏడు ప్లాసీ యుద్ధం జరిగినది. ఆ తర్వాత క్లైవు బెంగాలులోనే స్థానికులను చేర్చి కొత్త పటాలాలు కట్టినప్పుడు, మనుష్యులు మారినా వేషం మారలేదు గనుక పేరూ మారలేదు. అవధ్ నవాబు తన సైన్యాన్ని ఆ తీరుగానే దిద్దినప్పుడు వారూ తిలంగాలే అయినారు. పేరు మొదట మనిషికి పుట్టి, తర్వాత అతని కోటుకు అంటుకొని, చివరకు కోటు ఎవరు తొడిగితే వారిని పట్టుకొన్నది.

ఈ కోటు తొడిగినవారు నివసించిన చోటును తెలుగులో దండు అన్నారు. హైదరాబాదువారు దానినే లష్కరు అన్నారు. 1806లో నిజాము సికందర్ జా పేరిట వెలసిన సికిందరాబాదును నేటికీ ముసలివారు లష్కరనే పిలుస్తారు. దండు ఊరివంటిదే కాని ఊరు కాదు. ఊరు నీటిని, పొలాన్ని, బంధుత్వాన్ని ఆశ్రయించి పెరుగుతుంది. దండు ఒక అధికారి పటంమీద గీసిన గీతను అనుసరించి పుడుతుంది. కవాతు మైదానం, మందుగుండు కొట్టు, సిపాయిల ఇండ్ల వరుసలు, వారి వెనుక సదరు బజారు, ఒక మూల ఆసుపత్రి, మరొక మూల శ్మశానవాటిక — ఏ దండు చూచినా ఈ అమరిక తప్పదు. హుకుము వచ్చిననాడు మనుష్యులు లేచిపోతారు. కట్టిన గుడి, పూడ్చిన శవం మాత్రం మిగులుతవి. సికిందరాబాదు మహంకాళి జాతర కథ కూడ ఇట్టిదే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి పంపబడినాడనీ, ఊరిలో విషూచి వ్యాపించిందని విని అక్కడి మహంకాళికి మ్రొక్కుకొన్నాడనీ, 1815లో తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించినాడనీ స్థలపురాణం. ఇల్లు విడిచి వందలకోసుల దూరం పోయిన మనిషి మనస్సు ఎక్కడ నిలిచి ఉండినదో ఈ ఒక్క కథ తెలుపుతుంది.

మద్రాసు సైన్యం దక్షిణంలో మాత్రమే ఉండలేదు. నాగపూరు భోంసలేలు ఓడిన తర్వాత, 1821లో కన్హాన్ నది ఒడ్డున కామఠీ అనే దండు వెలసినది. అక్కడ కాపురముంచినది మద్రాసు పటాలాలను. ముస్లిములు, తెలుగువారు, తమిళులు ఆ పటాలాలలో ప్రధానవర్గాలు. బెంగాలు సైన్యంలో సిపాయి భార్యాబిడ్డలను స్వగ్రామంలో విడిచి ఒంటరిగా కొలువు చేసేవాడు. మద్రాసు సైన్యపు ఆచారం వేరు. అక్కడ సిపాయి కుటుంబం పటాలం వెంట నడిచేది. బండ్లమీద ముసలితల్లి, చంకన బిడ్డతో భార్య, మూటలు, కోళ్లు — కవాతు చేసే దళం వెనుక మరొక ఊరే కదలివచ్చేది. సిపాయి నెల జీతం ఏడు రూపాయలు. అందులోనే ఈ సంసారమంతయు సాగవలెను. కామఠీ పటాలపు ఇండ్లవరుసలలో తెలుగు, తమిళం ఇంటిభాషలై నిలిచినవి. సిపాయిల వెనుక వర్తకులు, గుత్తేదారులు, గుమాస్తాలు వచ్చినారు. 1881 జనాభా లెక్కలనాటికి ఆ దండులో సుమారు ఏబదివేలమంది ఉండిరి.

కామఠీకి తూర్పుగా, అడవులు దాటి, ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఉన్నది రాయపూరు. 1818లో భోంసలేల రాజ్యాన్ని రెసిడెంటు పర్యవేక్షణకు తెచ్చిన తర్వాత, ఆంగ్లాధికారి ఆగ్న్యూ ఆ సీమకు ముఖ్యస్థానాన్ని ప్రాచీనమైన రతనపూరునుండి రాయపూరుకు మార్చినాడు. 1830లో పాలన తిరిగి మూడవ రఘోజీ చేతికి వచ్చినది. అతడు 1853లో ఔరసపుత్రుడు లేక చనిపోగా, డల్హౌసీ 1854లో నాగపూరు రాజ్యాన్ని కుంపిణీ రాజ్యంలో కలుపుకొన్నాడు. భోంసలేల పాత సైన్యం రద్దయినది. దాని స్థానంలో నాగపూరు ఇర్రెగ్యులరు దళం అనే కొత్త సేన ఏర్పడినది. అందులో మూడవ పటాలం, కొన్ని ఫిరంగులు రాయపూరుకు వచ్చినవి. దానిలో ఉత్తరదేశంనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు ఉండిరి. వారి చుట్టూ ఉన్న జనుల పలుకు ఛత్తీస్‌గఢీ. పచ్చని వరిపొలాల నడుమ ఉన్నా, ఆ సిపాయికి అది ఎడారిలోని విడిదివంటిదే.

ఆ సీమలో 1856లో వానలు లేక కరవు వచ్చినది. సోనాఖాన్ జమీందారు నారాయణసింగు బింఝ్వార్ తెగవాడు. కస్‌డోల్ వర్తకుడు మాఖన్ కొట్లలో ధాన్యం నిలవ ఉండగా పల్లెలవారు పస్తులుంటున్నారని, నారాయణసింగు కొట్టు తెరిపించి గింజలు పంచినాడు. చేసిన పనిని తానే డిప్యూటీ కమిషనరు ఎలియట్‌కు తెలియపరచినాడని ప్రసిద్ధి. ఎలియట్ దృష్టిలో అది కరవుపని కాదు, దోపిడి. 1856 అక్టోబరులో నారాయణసింగును సంబల్పూరులో పట్టి రాయపూరు చెరసాలలో ఉంచినారు. మరుసటి ఏడు ఆగస్టు 28న అతడు చెరనుండి తప్పించుకొన్నాడు. సిపాయిల తోడ్పాటు లేనిదే అది సాధ్యమయ్యేది కాదని నాటినుండి నేటివరకు చెప్పుకొంటారు. సోనాఖాన్ చేరి అతడు సుమారు ఐదువందలమందిని కూడగట్టినాడు. లెఫ్టినెంటు స్మిత్ దళంతో వెళ్లినాడు. పొరుగున ఉన్న దేవ్రి జమీందారు కుంపిణీ పక్షాన నిలిచినాడు. ఇండ్లు తగులబడుచుండగా, తనవారికి మరింత కీడు కలుగరాదని నారాయణసింగు లొంగిపోయినాడు. విచారణ ముగిసి డిసెంబరు 10న అతనిని ఉరితీసినారు. ఆ ఉరిని చూచుటకు పటాలాన్ని వరుసదీర్చి నిలిపినారని చెబుతారు. పాలకులు గుణపాఠమనుకొన్నది సిపాయిల గుండెలో మరొక విధంగా నాటుకొన్నది.

1858 జనవరి 18 సాయంకాలం, చీకటిపడిన తర్వాత, హనుమాన్‌సింగు అనే సిపాయి మూడవ పటాలపు సార్జెంటుమేజరు సిడ్‌వెల్ ఉన్న ఇంటిలోనికి చొరబడి కత్తితో అతనిని చంపినాడు. హనుమాన్‌సింగు బైస్వాడా ప్రాంతపు రాజపుత్రుడు. మందుగుండు కొట్టులో లష్కరుగా పనిచేసినవాడు. నడివయస్సుకు చేరువలో ఉన్నవాడు. చంపిన తర్వాత అతడు తోటి సైనికులను కేకవేసి, ఫిరంగులను వశపరచుకొన్నాడు. పటాలమంతయు తన వెంట వస్తుందని అతని ఆశ. కాని పటాలం వెనుదీసినది. కొందరు సంకోచించినారు, కొందరు అధికారులు వచ్చేవరకు ఇంటిలోనే నిలిచినారు, కొందరు తమవారిమీదనే తుపాకి ఎత్తినారు. సుమారు ఆరుగంటలసేపు పోరు నడిచినది. తూటాలు అయిపోయిన తర్వాత పదునేడుగురు పట్టుబడినారు. హనుమాన్‌సింగు మాత్రం చీకటిలో తప్పించుకొన్నాడు. రెండు దినాల తర్వాత డిప్యూటీ కమిషనరు బంగళామీద దాడికి ప్రయత్నించినాడని చెబుతారు. ప్రభుత్వం 500 రూపాయల బహుమానం ప్రకటించినది. ఆ బహుమానాన్ని పుచ్చుకొన్నవారెవరూ లేరు. హనుమాన్‌సింగు మరి కనబడలేదు.

పట్టుబడినవారి విచారణకు నాలుగు దినాలైనా పట్టలేదు. జనవరి 22న వారిని ఉరితీసినారు. హవల్దారు గాజీఖాన్, అతనితోపాటు అబ్దుల్ హయాత్, ముల్లూ, శివనారాయణ్, పన్నాలాల్, మాతాదీన్, ఠాకుర్‌సింగు, అక్బర్ హుసేన్, బల్లీ దూబే, లల్లాసింగు, బుద్ధూసింగు, పరమానంద్, శోభారాం, దుర్గాప్రసాద్, నజర్ మహమ్మద్, శివగోవింద్, దేవీదీన్. ఈ పేర్లను మెల్లగా చదువవలెను. హిందువులు, ముస్లిములు, బ్రాహ్మణులు, ఇతరులు ఒక్క వరుసలో ఉన్నారు. మతాన్నిబట్టి, కులాన్నిబట్టి సైనికులను వేరుచేసి ఉంచితే క్షేమమని తర్వాతి ఏండ్లలో పాలకులు నిశ్చయించుకొనుటకు ఇట్టి జాబితాలే కారణం. కాని ఈ జాబితాలో చరిత్రకారుడు గమనింపవలసినది మరొకటి ఉన్నది. ఒక పటాలంలో వందలమంది ఉంటారు; ఉరికంబమెక్కినవారు పదునేడుగురు. తక్కినవారు ఆ రాత్రి ఏమి తలచినారో ఏ దస్తావేజూ చెప్పదు. వీరులను లెక్కించడం సులభం. తటపటాయించినవారి మనస్సును లెక్కించడం కష్టం.

ఇప్పుడు రెండవ ప్రశ్న. అదే కాలంలో కామఠీలోని మద్రాసు సిపాయిలు ఏమి చేసినారు? 1857 జూన్ 13 రాత్రి నాగపూరు దగ్గర టాక్లీలో ఉన్న అశ్వికదళం తిరుగబడుటకు పన్నాగం పన్నినది. అది ముందే బయటపడినది. కామఠీనుండి మద్రాసు దళాలు వచ్చి నిలువగా, ఆ అశ్వికుల ఆయుధాలు లాగుకొన్నారు. కొద్ది దినాలకు నాయకులను ఉరితీసినారు. మధ్యదేశం కుంపిణీ చేతిలో నిలుచుటకు కామఠీ దండు ఒక ముఖ్యకారణం. 1858 ప్రారంభంలో సేనాని విట్‌లాక్ మద్రాసు దళాలతో ఉత్తరానికి నడిచి, ఏప్రిలులో బాందా నవాబును ఓడించినాడు. అనగా, తిలంగా అన్న పేరు మోసిన ఉత్తరాదివాడు తిరుగబడగా, నిజమైన తిలంగా అతనిని అణచుటకు నడిచినాడు. ఈ మాట తెలుగువారికి హితం కాదు. అయినను చరిత్రలో ఉన్నది.

దీనిని చూచి దక్షిణాదివారు స్వభావతః సాధువులనీ, పౌరుషం లేనివారనీ తేల్చడం తొందరపాటు. మద్రాసు సిపాయి తిరుగుబాటుకు కొత్తవాడు కాడు. 1780 అక్టోబరు 3న విశాఖపట్టణంలో, ఓడలెక్కి మద్రాసుకు పోవలెనన్న ఉత్తరువును ధిక్కరించి సర్కారు జిల్లాల సిపాయిలు అధికారులమీద తుపాకులు పేల్చినారు. 1806 జూలై 10న వేలూరు కోటలో, కొత్త తలపాగాను, నొసటిబొట్టుమీద నిషేధాన్ని సహించలేక పటాలాలు తిరుగబడినవి; నాటికి మీరట్ తిరుగుబాటు ఇంకను ఏబదియొక్క సంవత్సరాల దూరంలో ఉన్నది. 1843లో జబల్పూరులో మద్రాసు ఆరవ అశ్వికదళం ఆజ్ఞ మీరినది. ఇండ్లకు తిరిగిపోతామనుకొన్నవారిని తక్కువ భత్యంమీద అక్కడే నిలుపగా, కుటుంబాలతో దూరప్రయాణం చేసి అప్పులపాలైనవారు ఓర్వలేకపోయినారు. 1857లోనే మద్రాసు ఎనిమిదవ అశ్వికదళం బెంగాలుకు పోనని నిరాకరించి రద్దయిపోయినది. అదే ఏడు జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో రెసిడెన్సీమీదికి నడిచినారు. తుర్రేబాజ్‌ఖాన్ 1859లో తూప్రాన్ దగ్గర చంపబడినాడు. మౌల్వీని అండమానుకు పంపినారు. కనుక సహనం దక్షిణపు గుణమూ కాదు, తిరుగుబాటు ఉత్తరపు గుణమూ కాదు.

మరి కామఠీ ఎందుకు కదలలేదు? కారణాలను ఆ దండు జీవితంలోనే వెదకవలెను. బెంగాలు సైన్యంలో పెక్కుమంది అవధ్, దాని పొరుగు ప్రాంతాల గ్రామాలనుండి వచ్చినవారు. 1856లో కుంపిణీ అవధ్‌ను మ్రింగినప్పుడు ఆ దెబ్బ వారి పొలాలకు, వారి బంధువుల మానానికి తగిలినది. మద్రాసు పటాలంలో పలు జాతుల, పలు కులాలవారు కలిసి ఉన్నందున ఒక గ్రామపు ఉడుకు పటాలమంతా పాకే వీలు తక్కువ. ఓడ ప్రయాణం వారికి పాతది. బర్మా యుద్ధాలకు వారు పోయి వచ్చినారు. అన్నిటికంటె పెద్ద కారణం బహుశః ఇండ్ల వరుసలలో ఉన్న సంసారమే. ఒంటరివాడు చీకటిలో తుపాకి పట్టుకొని బయలుదేరగలడు. పొయ్యిమీద ఎసరు, ఉయ్యాలలో బిడ్డ, ఆరువందలమైళ్ల దూరంలో పుట్టినూరు ఉన్నవాడు బయలుదేరితే, వెనుక మిగిలినవారికి దిక్కెవరు? భార్యాబిడ్డలను వెంట రానిచ్చినది దయయే కావచ్చును. అదే కుంపిణీవారి చేతిలో పూచీకత్తు కూడ అయినది. ఇది అతని పిరికితనానికి సమర్థన కాదు, అతని చర్యకు కారణం. రెండును ఒకటి కావు.

విశ్వాసంగా నిలిచినవానికి దక్కినదేమి? 1857 తర్వాత సైన్యాన్ని తిరిగి దిద్దినవారు ఉత్తరపశ్చిమపు జాతులవైపు మొగ్గినారు. 1881నుండి 1885వరకు మద్రాసు సేనాధిపతిగా ఉండి, తర్వాత హిందూదేశ సేనాధిపతియైన రాబర్ట్స్, దక్షిణాదివారు యుద్ధానికి తగరన్న అభిప్రాయాన్ని బలపరచినాడు. ‘వీరజాతుల’ సిద్ధాంతం ప్రభుత్వనీతి అయినది. తాను దిగ్విజయాలు చేయుటకు ఉపయోగించిన సిపాయిని, శాంతి వచ్చిన తర్వాత వీరుడు కాడని ప్రభుత్వం తీర్పు చెప్పినది. మద్రాసు పటాలాలు క్రమంగా తగ్గిపోయినవి. 1920ల చివరకు మద్రాసు రెజిమెంటు పేరే సైన్యపు పట్టికలో లేకుండాపోయినది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చి మనుష్యులు కావలసివచ్చినప్పుడు మాత్రం దానిని మరల పిలిచినారు. కామఠీ కూడ క్షీణించినది. 1881లో ఏబదివేలున్న జనాభా 1901నాటికి నలుబదివేలకు లోపల దిగినది.

ఇట్టి కథ మనదేశానికే పరిమితం కాదు. అమెరికాలో అరిజోనా ఎడారి అంచున, మెక్సికో సరిహద్దుకు ఇంచుమించు పదిహేను మైళ్ల దూరంలో, 1877లో ఫోర్ట్ వాచూకా అనే దండు వెలసినది. అంతర్యుద్ధం తర్వాత నల్లజాతివారితో కట్టిన పటాలాలు అక్కడ కాపలా కాచినవి. ఆదివాసులు ఆ సైనికులను ‘అడవిదున్న సైనికులు’ అన్నారు. తిలంగా వలెనే అదియు ఎదుటివారు పెట్టిన పేరే. తమను సమానులుగా చూడని ప్రభుత్వంకొరకు, తమవలెనే పీడితులైన ఆదివాసులమీద వారు యుద్ధం చేసినారు. రెండవ ప్రపంచయుద్ధంలో నల్లజాతి సైనికుల రెండు డివిజనులు అక్కడ శిక్షణ పొందినవి. వేరు బసలు, వేరు ఆసుపత్రి, వేరు క్లబ్బు మధ్యనే ఆ శిక్షణ జరిగినది. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తరువు ఇచ్చేవరకు ఈ వేర్పాటు సైన్యంలో చట్టబద్ధంగా నిలిచినది. ఆ దండు నేటికీ సైనికస్థావరమే. అక్కడివారు ఆ పాత సైనికులను వట్టి వీరులుగానో, వట్టి సేవకులుగానో చూపక, రెండింటినీ చెప్పి గౌరవిస్తున్నారు. కామఠీ తెలుగు సిపాయికి ఇట్టి గౌరవం ఇంకను దక్కవలసి ఉన్నది.

దండు లేచిపోయినా మనుష్యులందరు లేచిపోలేదు. పింఛను పుచ్చుకొన్న సిపాయి బిడ్డలు కొందరు, పటాలం వెంట వచ్చిన వర్తకుల, ఉద్యోగుల బిడ్డలు కొందరు మధ్యదేశంలోనే స్థిరపడినారు. ఈ. రాఘవేంద్రరావు 1889లో కామఠీలోనే తెలుగు కుటుంబంలో పుట్టినాడు; బిలాసపూరులో న్యాయవాదిగా పేరొంది, 1936లో కొన్ని నెలలు మధ్యపరగణాలకు తాత్కాలిక గవర్నరైనాడు. హిందూదేశపు మొదటి టెస్టు జట్టు నాయకుడు సి. కె. నాయుడు 1895లో నాగపూరులో తెలుగు కుటుంబంలోనే పుట్టినాడు. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ లేక మరాఠీ — ఈ రెండు నాలుకల బ్రతుకు ఆ కుటుంబాలకు అలవాటైనది. తర్వాత రైలు మరొక దారి తెరిచినది. పార్వతీపురంనుండి రాయపూరువరకు మార్గం 1931లో పూర్తి కాగా, ఛత్తీస్‌గఢ్ మైదానానికి విశాఖపట్టణపు రేవు చేరువైనది. ఆ దారిని శ్రీకాకుళం, విజయనగరం సీమలనుండి తుపాకి లేని తెలుగువారు రాయపూరుకు వచ్చినారు. రైల్వేలో, మిల్లులలో, భవననిర్మాణంలో పనిచేసినారు. నేడు రాయపూరులో తెలుగు వినబడితే అది పటాలపు ఆజ్ఞవలన కాదు, పొట్టకూటివలన, చుట్టరికంవలన.

కాగా, తిలంగా అన్న మాట హిందీ నిఘంటువులలో పాత సిపాయికి పేరుగా మిగిలినది. దానిని చూచి గర్వించవలెనా, సిగ్గుపడవలెనా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. ప్లాసీలో పరదేశికి దారి తెరిచిన తుపాకిలో ఆ పేరున్నది. ఢిల్లీలో పరదేశిని తరిమిన తుపాకిలోను ఆ పేరే ఉన్నది. రాయపూరులో ఉరికంబమెక్కిన పదునేడుగురిలో ఒక్క తెలుగు పేరైనా లేదు. అయినను, నాటి అలవాటున ఊరిజనులు వారిని చూచి ‘తిలంగా’ అనదగిన సిపాయిలే వారందరు. తన పేరును ఎరువు తీసుకొన్నవాడు ఆ పేరుతో ఏమి చేసినాడో తెలుసుకొనుట, పేరు ఇచ్చినవాని విధి.

శంకర్ నగర్‌నుండి బయలుదేరిన యాత్రికుడు సాయంకాలం జయస్తంభం చేరేసరికి దీపాలు వెలుగుతుంటాయి. స్మారకం దగ్గర పండ్లబండ్లు, ఆటోలు, ఇంటికి పోయే ఉద్యోగులు. అక్కడ ఒక జమీందారు పేరు ఉన్నది, అది ఉండవలసినదే. దాని ప్రక్కన పదునేడు పేర్లు మనస్సులో చదువుకొనుటకు నిమిషమైనా పట్టదు. చదివిన తర్వాత, ఆ రాత్రి ఇండ్లవరుసలలో తలుపు వేసుకొని కూర్చున్నవారినీ, కామఠీలో బిడ్డను నిద్రపుచ్చి కాపలాకు పోయినవానినీ ఒక్క క్షణం తలచుకొంటే, ఆ ఊరి చరిత్ర అతనికి మరికొంత పూర్తిగా తెలిసినట్లే.